నీళ్లు వెతికేటోళ్లకు నీళ్లు

హైమా దాటినంక తొంభై కిలోమీటర్లు.
తారు రోడ్డు లేదు, సిగ్నల్ లేదు.
నా ట్యాంకరుల ఐదువేల గ్యాలన్ల తియ్యనీళ్లు
ప్రతి గుంతకూ అటూ ఇటూ ఊగుతయి.
ఆడ ఇరవై మంది గుడారాలేసుకొని
నీళ్ల ఆనవాలు వెతుకుడు నేర్చుకుంటున్నరు.
ఈడికి కాదట, అంగారకుని మీదికి.
నీళ్లు వెతికేటోళ్లకు
నేను నీళ్లు మోస్త.

మొదటిరోజే చూపిచ్చిన్రు దాన్ని.
ఆరు చక్రాలు, పొడుగు మెడ, రెండు కండ్లు,
వీపు మీద అద్దాల పలక.
పోతే మళ్ల రాదట.
"దీని పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటది?" అన్న.
మెకానిక్ గుల్ జమాన్ ఒక్కడే నవ్విండు.
మా ఇద్దరివీ మస్కట్‌ల
ఒకే బీరువ అరల పండుకొని ఉన్నయి.

ఇంజినీరమ్మ బుథైనా, సలాలా పిల్ల,
అరబ్బీ కలిపిన హిందీల అడిగింది:
"పోశెట్టీ, ఆ గ్రహం నీకు ఎరుకేనా?"
ఎరుకేనా అంటే,
నా జాతకంల ఏడో ఇంట్ల కూసున్నడమ్మా.
మెట్‌పల్లిల మూడు సంబంధాలు
చాయ్ చల్లారకముందే లేచిపోయినయి.
మీ మిషను ఆడికి చేరినంక
నా పేరు చెప్పి ఒక్క మాట అడగమను.
ఇదంత హిందీల చెప్పరాక
"లాల్ వాలా" అని ఊకున్న.

నాలుగో వారం అది సబ్ఖాల దిగబడ్డది.
సబ్ఖా అంటే పైన ఉప్పు పెంకు, కింద బురద,
నా బండిని రెండుసార్లు మింగి కక్కింది.
అందరు దాని చుట్టు నిలబడ్డరు, ఎవ్వరు ముట్టరు.
ఆడ తోసేటోళ్లు ఉండరు గనుక
ఈడ గూడ తోయొద్దట. రూలు.
కంప్యూటర్ల ఒక మాట కొడతరు.
ఇరవై నిమిషాలు ఆగుతరు.
చక్రం గింత తిరిగి, ఇంక లోతుకు పోతది.
మళ్ల ఇరవై నిమిషాలు.

ఆ సందుల అడిగిన, ఇదెంతైతది అని.
ఆమె చెప్పింది.
నేను నా తీరుగ లెక్కేసిన:
మా క్యాంపు రూముల ఏసీ చెడి నలభై దినాలు,
పద్నాలుగు మందిమి, మూడు నెలల జీతం బాకీ.
పోయిన రంజాన్‌ల సారువ మీదికెల్లి పడ్డ బక్కన్నను
పెట్టెల పెట్టి ఊరికి పంపనీకి
ఇరవై రెండు దినాలు పట్టింది, కాయితాలు దొరకక.
వీళ్ల మాట కోట్ల మైళ్లు పోయి
ఇరవై నిమిషాలల్ల చేరుతదట.

కోపమొచ్చింది. అబద్ధమెందుకు, పైకే అన్న.
ఆమె ఏమనలేదు, నేల చూసింది.
గుల్ జమానే పానా తుడుస్తా అన్నడు:
"ఇది ఆపితే ఆ పైసలు నీ ఏసీకొస్తయా?
ఇంకో టవరైతది.
అది గూడ మనోళ్లే కడతరు."
నా దగ్గర జవాబు లేకుండె.
ఇప్పుడు గూడ లేదు.

పొద్దుగుంకింది. నా చేతులు ఊకోలే.
"అన్ని చక్రాలు ఒక్కసారి తిప్పకున్రి.
ముందటియి అడ్డం మర్రేసి, ఒకటెన్క ఒకటి,
ఎండ్రికాయ నడిచినట్టు."
ఇసుకల వేలుతోని గీసి చూపిన.
ఆమె ఫోటో తీస్కుంది, పెద్దసారుతోని కొట్లాడింది.
మాట పోయింది.
గుల్ జమాన్ సులేమానీ పోసిండు.
ఎవ్వరం ముట్టలే.

జానెడు.
జానెడే కదిలింది, పక్కకు.
నేనెందుకు ఒర్లిన్నో నాకే సమజ్ గాలే.
అది నాది గాదు, దాన్ల నాకు ఒక్క బైసా లేదు.
అందరికన్న ముందు నా గొంతే లేచింది.

తెల్లారి ట్యాంకరు ఖాళీ చేసి పైపు చుడుతుంటే
బుథైనా నోట్‌బుక్ తెచ్చింది.
ఆ నడకకు ఒక పేరు పెట్టాలట.
అరబ్బీల 'ప' లేదు,
'బోశెట్టి' అని రాసింది.
ఎన్నడన్న ఆ ఎర్రమట్టిల చక్రం దిగబడితే
ఈడికెల్లి ఆ పేరే పంపుతరట.
వీసా లేకుండ పోతది,
నా ఏడో ఇంటికి.

జీతం ముచ్చట ఆమెకు చెప్దామనుకున్న.
ఆమె అప్పటికే గుడారం దిక్కు నడుస్తున్నది.
పైపు కొసల మిగిలిన చారెడు నీళ్లు
ఇసుకల పడి, నేను చూస్తుండంగనే
ఆనవాలు లేకుండ పోయినయి.